నేల విడుచు క్షణము

రాకెట్టు పైకి లేచుటను మొదటిసారి చూచిన వారిని ఆశ్చర్యపరచునది దాని వేగము కాదు, దాని మందగమనము. తుపాకి గుండువలె చివ్వున దూసుకొనిపోవునని మనము తలచుదుము. కాని ఆ మహాకాయము మంటలు గ్రక్కుచు, పొగలో సగము మునిగి, కదలినదో లేదో తెలియని రీతిగా ఒక క్షణము నిలిచి, పిమ్మట గజము గజముగా పైకి లేచును. తరగతిలో ఈ విషయము వచ్చినప్పుడు విద్యార్థులు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు. అంత మంట, అంత మ్రోత ఉండియు అది అంత మెల్లగా లేచుట ఏల? అంత మెల్లగా లేచునది ప్రక్కకు ఒరిగి పడిపోకుండుట ఎట్లు?

ఈ ప్రశ్నలకు సమాధానము మానవుని అంతరిక్షమునకు మోసికొనిపోయిన తొలి రాకెట్ల చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రలో చంద్రుని చుట్టివచ్చిన ప్రయాణములు కలవు. నాలుగు అంగుళములు మాత్రమే సాగిన ప్రయాణమును ఒకటి కలదు. పెద్ద ప్రయాణములు నేర్పినంత పాఠమును ఆ నాలుగు అంగుళములును నేర్పినవి.

త్రాసులోని రెండు పళ్ళెములు

రాకెట్టు అడుగుభాగమునుండి వేడి వాయువులు మహావేగముతో క్రిందికి వెలువడును. వాటి ప్రతిచర్య రాకెట్టును పైకి నెట్టును. దీనిని త్రోపుడు బలమందము. రాకెట్టును క్రిందికి లాగునది దాని బరువు. ఈ రెంటిని త్రాసులోని రెండు పళ్ళెములుగా భావింపవచ్చును. త్రోపుడు బలములో బరువుతో సమానమైన భాగము బరువును మోయుటకే సరిపోవును. అంతకు మించి మిగిలినదే రాకెట్టును కదలించును.

అమెరికా తన మొదటి వ్యోమగామిని పంపుటకు వాడిన రెడ్‌స్టోన్ రాకెట్టు బరువు సుమారు 30 టన్నులు. దాని త్రోపుడు సుమారు 35 టన్నులు. మిగిలినది 5 టన్నులు మాత్రమే. ఈ లెక్కన దాని త్వరణము గురుత్వ త్వరణములో ఐదవ వంతు కంటెను తక్కువ. చేతినుండి జారవిడిచిన రాయి మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు క్రిందికి పడును. ఈ రాకెట్టు మొదటి సెకనులో ఒక మీటరైనను పైకి లేవదు. లోపల కూర్చున్నవాడు 60 కిలోల మనిషియైనచో, ఆ క్షణమున తాను 70 కిలోలున్నట్లు తోచును. అంతకు మించి అతని దేహమునకు తెలియదు.

మరి త్రోపుడును ఇంకను పెంచరాదా? పెంచవచ్చును. కాని పెద్ద ఇంజనులు తామే బరువు. ఆ బరువును కూడ చివరి వరకు మోయవలెను. అందుచేత ఉన్న ఇంజను మోయగలిగినంత ఇంధనమును నింపుకొని, లేచుటకు చాలినంత మిగులుతో బయలుదేరుట లాభకరము. నిండుగా బస్తాలు వేసిన ఎడ్లబండి ఊరు దాటువరకు మెల్లగా నడచినట్లే ఇదియును. కాని బండి బస్తాలు దారిలో తరగవు, రాకెట్టు బరువు మాత్రము క్షణక్షణమును తరుగును. త్రోపుడు తగ్గదు, బరువు తగ్గును. కనుక మందముగా బయలుదేరినది నిమిషము తిరుగకమునుపే మహావేగమందుకొనును.

ఇక రెండవ ప్రశ్న. పొడవైన కర్రను అరచేతిమీద నిలువుగా నిలుపు ఆటను పిల్లలందరును ఆడియుందురు. కర్ర ఎటు ఒరిగిన చేతిని అటు జరుపుచుండవలెను. అడుగునుండి నెట్టబడు రాకెట్టు స్థితియు ఇట్టిదే. రెక్కలు గాలి వేగముగా తాకినప్పుడే పనిచేయును. మొదటి సెకన్లలో రాకెట్టుకు అట్టి వేగము లేదు. అందుచేత మంటనే చుక్కానిగా వాడవలెను. రెడ్‌స్టోన్‌లో ఇంజను వెలువరించు మంటలోనే గ్రాఫైటు పలకలను అమర్చి, వాటిని త్రిప్పుచు దిశను సరిదిద్దిరి. తరువాతి అమెరికా రాకెట్లలో ఇంజనులే కొంచెము అటునిటు తిరుగునట్లు ఏర్పాటు చేసిరి. సోవియట్ రాకెట్టులో పెద్ద ఇంజనులు కదలవు. వాటి ప్రక్కన అమర్చిన 12 చిన్న దహన కోష్ఠములు తిరుగుచు ఆ పని చేసినవి.

చంకలు పట్టి ఎత్తిన బిడ్డ

1961 ఏప్రిల్ 12వ తేదీ, మాస్కో కాలమానము ప్రకారము ఉదయము 9 గంటల 7 నిమిషములకు, బైకనూర్ నుండి యూరీ గగారిన్ బయలుదేరెను. అతనిని మోసిన వొస్తోక్ రాకెట్టు సెర్గేయ్ కొరొల్యోవ్ రూపొందించిన ఆర్-7 అను క్షిపణి నుండి పుట్టినది. దాని బరువు సుమారు 285 టన్నులు, త్రోపుడు సుమారు 400 టన్నులు. నడుమ ఒక స్తంభము, దాని చుట్టు నాలుగు ప్రక్క రాకెట్లు. ఒక్కొక్క దానికి నాలుగు పెద్ద దహన కోష్ఠములు. ఇవి మొత్తము 20. చిన్నవి 12 కలుపుకొనినచో 32 నోళ్ళనుండి ఒకేసారి మంట వెలువడవలెను.

ఈ రాకెట్టు తన కాళ్ళమీద తాను నిలుచునది కాదు. వ్లదీమిర్ బార్మిన్ నాయకత్వమున నిర్మింపబడిన ప్రయోగ వేదిక దానిని నాలుగు ఉక్కు చేతులతో నడుము దగ్గర పట్టుకొని వ్రేలాడదీయును. చంకల క్రింద చేతులుంచి ఎత్తిన బిడ్డవలె దాని కాళ్ళు గాలిలో ఉండును. ప్రక్క రాకెట్లు ఆకాశములో నడిమి స్తంభమును ఎచ్చట నెట్టునో, ఇంచుమించు అచ్చటనే నేలమీద కూడ బరువు ఆనును. కావున నేలమీద నిలుపుటకని ప్రత్యేకముగా అడుగు భాగమును బలపరచి బరువు పెంచనక్కరలేదు.

మంట రాజేయుట కూడ సాదా పద్ధతిలోనే జరిగెను. కొయ్య చట్రములకు బాణసంచావంటి మందును కట్టి, ఒక్కొక్క దహన కోష్ఠములోనికి క్రిందినుండి చొప్పించిరి. అవి మండినప్పుడు ఒక సన్నని తీగ తెగి, మంట పుట్టినదని తెలుపును. అన్ని తీగలును తెగినగాని ఇంధనము పూర్తిగా వదలబడదు. పిమ్మట కిరసనాయిలు, ద్రవ ఆమ్లజని మెట్టు మెట్టుగా హెచ్చును. త్రోపుడు బరువును మించిన క్షణమున రాకెట్టు తనంత తానే చేతులనుండి పైకి జరుగును. భారము వీడిన ఆ నాలుగు చేతులు, తమకు కట్టిన ప్రతిభారముల వలన, పూవు రేకులు విచ్చుకొనినట్లు వెనుకకు వ్రాలును. దీనిని విడిచిపెట్టుటకు వేరొక ఆజ్ఞ అవసరము లేదు. బరువే తాళము, త్రోపుడే తాళపుచెవి.

నాలుగు అంగుళముల ప్రయాణము

అమెరికా రెడ్‌స్టోన్ వేదికమీద తన రెక్కలపై నిలుచునట్టిది. మనుష్యుని ఎక్కించుటకు ముందు, ఖాళీ మెర్క్యురీ వ్యోమనౌకతో దానిని పరీక్షింపదలచిరి. 1960 నవంబరు 21వ తేదీన కేప్ కెనావెరల్‌లో ఇంజను యథావిధిగా రాజుకొనినది. రాకెట్టు కదలినది. సుమారు నాలుగు అంగుళములు, అనగా 10 సెంటీమీటర్లు లేచినది. అంతలో ఇంజను ఆగిపోయెను. రాకెట్టు తిరిగి వేదికపై కూర్చుండెను.

ఈ పతనమును లెక్కించి చూడుడు. 10 సెంటీమీటర్లు పడుటకు పట్టు కాలము సెకనులో ఏడవ వంతు. నేలను తాకునప్పటి వేగము గంటకు 5 కిలోమీటర్లు, అనగా మనిషి నడక వేగము. అయినను పడినది ఇంధనముతో నిండిన 30 టన్నుల రాకెట్టు. అది ఒరిగినచో మహాగ్ని చెలరేగియుండెడిది. అదృష్టవశమున స్వల్పముగా దెబ్బతిని, నిలువుగానే ఉండెను.

పిమ్మట జరిగినది ఇంకను విచిత్రము. రాకెట్టు శిఖరమున ప్రమాద సమయమున వ్యోమనౌకను లాగివేయుటకై ఒక చిన్న రాకెట్టు కట్టిన గోపురముండెను. ఇంజను ఆగినది గనుక ప్రయాణములో తొలి దశ ముగిసినదని వ్యోమనౌకలోని యంత్రములు భావించినవి. ఆ దశ తరువాత గోపురము అక్కరలేదు. కనుక గోపురము ఒంటరిగా మండి ఎగిరిపోయినది. వ్యోమనౌక ఉన్నచోటనే మిగిలినది. ఎత్తు తక్కువగా ఉన్నదని గ్రహించిన పరికరములు దిగవలసిన సమయము వచ్చినదని తలచి, పారాషూటును వదలినవి. దానిపై బరువు పడుటలేదని తెలిసి, అది చెడినదేమో అని రెండవ పారాషూటును కూడ వదలినవి. ఒక్కొక్క యంత్రము తనకు నేర్పిన పాఠమును తప్పులేకుండ అప్పగించినది. అన్నియు కలిసి నవ్వులపాలైనవి.

చూచుటకు నవ్వు తెప్పించినను, అచ్చటివారికి అది నవ్వులాట కాదు. ఇంధనముతో నిండి, విద్యుత్తు ప్రవహించుచున్న రాకెట్టుకు నేలతో సంబంధము తెగిపోయినది. పారాషూట్లు ప్రక్కన వ్రేలాడుచున్నవి. గాలి విసరి అవి తెరచాపవలె ఉబ్బినచో రాకెట్టు కూలును. తుపాకితో కాల్చి తొట్టెలకు రంధ్రములు చేసి ఒత్తిడిని తగ్గింపవచ్చునను సూచన కూడ వచ్చినది. దానిని అంగీకరింపలేదు. ఏమియు చేయక వేచియుండుటయే క్షేమమని నిశ్చయించిరి. మరునాటి ఉదయమునకు బ్యాటరీలు నీరసించినవి, ద్రవ ఆమ్లజని ఆవిరియైపోయినది. అప్పుడు మనుష్యులు దగ్గరకు పోయిరి.

కారణము వెదకగా రాకెట్టు తోక దగ్గరి తీగలలో కనబడెను. నేలనుండి రాకెట్టునకు రెండు విధములైన తీగలు పోవుచుండెను. ఒకటి నియంత్రణ కొరకు, రెండవది విద్యుత్తు కొరకు. రాకెట్టు లేచునప్పుడు నియంత్రణ తీగ ముందుగను, విద్యుత్తు తీగ తరువాతను ఊడవలెను. ఆనాడు క్రమము తారుమారైనది. విద్యుత్తు తీగ ముందుగా ఊడెను. రెంటి నడుమ గడచినది సెకనులో వెయ్యింట ముప్పది వంతులకు మించని కాలము. ఆ లిప్తలో, నేలకు పోవలసిన విద్యుత్తు దారి లేక, ఇంజనును ఆపు రిలే గుండ ప్రవహించినది. రిలే తన పని చేసినది.

చికిత్స మిక్కిలి సులభము. రాకెట్టు కొంత ఎత్తు లేచు వరకు నేలతో సంబంధము తెగకుండ ఒక లోహపు పట్టీని అదనముగా తగిలించిరి. అదే సంవత్సరము డిసెంబరు 19న పరీక్ష జయప్రదముగా ముగిసెను. 1961 జనవరి 31న హామ్ అను చింపాంజీయు, మే 5న ఆలన్ షెపర్డును ఆ జాతి రాకెట్లమీదనే పోయిరి. షెపర్డు పెద్ద కుదుపును ఎదురుచూచెను. కాని లేచుట తాననుకొనిన దానికంటె మృదువుగా నుండెనని తరువాత తెలిపెను. అసలైన కంపము గాలి ఒత్తిడి హెచ్చిన తరువాత, సుమారు ఒకటిన్నర నిమిషమునకు వచ్చెను. లెక్క చెప్పినదియు ఇదియే గదా.

పట్టి ఉంచి, పరీక్షించి, విడుచుట

భూమిని చుట్టుటకు రెడ్‌స్టోన్ చాలదు. అందుకు అట్లాస్ రాకెట్టును తీసికొనిరి. దీని తొట్టెలు సన్నని ఉక్కు రేకుతో చేసినవి. చాలభాగమున మందము ఒక మిల్లీమీటరైనను ఉండదు. లోపలి ఒత్తిడియే వాటిని బిగువుగా నిలుపును. గాలి తీసిన బుడగవలె, ఒత్తిడి పోయినచో రాకెట్టు తన బరువునకే ముడుచుకొనిపోవును. ఇంజనులు రాజుకొనిన తరువాత అట్లాసును కొన్ని సెకన్లపాటు వేదికకు పట్టి ఉంచి, త్రోపుడు సరిగా వచ్చినదని తేలిన పిమ్మటనే విడుచుచుండిరి.

విడిచిన తరువాత ఏమి జరుగునో పట్టు చెప్పజాలదు. 1961 ఏప్రిల్ 25న మనుష్యుడు లేని ఒక అట్లాస్ నిలువుగా లేచి, త్రిప్పుకొనవలసిన దిశకు త్రిప్పుకొనక నేరుగా పైకే పోసాగెను. సుమారు 40 సెకన్లకు దానిని ఉద్దేశపూర్వకముగా పేల్చివేసిరి. కాని రక్షణ గోపురము వ్యోమనౌకను దూరముగా లాగివేసినది. ఆ వ్యోమనౌకనే బాగుచేసి అదే సంవత్సరము సెప్టెంబరులో మరల వాడిరి. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ అట్లాసుపై భూమిని మూడుసార్లు చుట్టివచ్చెను.

దేహము చెప్పిన సాక్ష్యము

నాలుగు అంగుళముల పాఠమునకు ఐదు సంవత్సరముల తరువాత ఒక గట్టి పరీక్ష ఎదురైనది. ఈ పర్యాయము లోపల మనుష్యులు ఉన్నారు.

జెమినీ వ్యోమనౌకను టైటాన్-2 రాకెట్టు మోసెడిది. దాని ఇంధనము, దానిని మండించు నైట్రొజన్ టెట్రాక్సైడు కలిసినంతనే తమకు తామే మండును. నిప్పు రాజేయు సాధనమే అక్కరలేదు. 1965 డిసెంబరు 12న వాల్టర్ షిర్రా, థామస్ స్టాఫర్డు జెమినీ-6లో కూర్చుండిరి. ఇంజనులు రాజుకొని, ఒక సెకనుకు కొంచెము పైగా మండి ఆగిపోయినవి. తోక దగ్గరి ఒక ప్లగ్గు, రాకెట్టు కదలకమునుపే, ఊడిపోయినది. ప్లగ్గు ఊడుటయే రాకెట్టు లేచినదనుటకు గుర్తు. కనుక వ్యోమనౌకలోని గడియారము నడువసాగెను. తప్పును పసిగట్టిన యంత్రాంగము ఇంజనులను ఆపివేసినది.

షిర్రా ముందు రెండు సాక్ష్యములున్నవి. రాకెట్టు లేచినదని గడియారము చెప్పుచున్నది. కదలలేదని అతని దేహము చెప్పుచున్నది. నిజముగా లేచి ఇంజను ఆగియుండినచో, 150 టన్నుల రాకెట్టు వెనుకకు పడి ప్రేలిపోవును. అట్టి సమయమున ఒక ఉంగరమును లాగినచో ఇద్దరును ఆసనములతో కూడ బయటకు విసరివేయబడుదురు. నియమము ప్రకారము లాగవలసినదే. కాని ఆసనముల విసురు ప్రాణాంతకము కావచ్చును, వ్యోమనౌకయు పాడగును. షిర్రా తన దేహమును నమ్మెను. ఉంగరమును లాగలేదు. అతని తీర్పు సరియైనది.

తరువాత పరిశోధింపగా మరియొక దోషము బయటపడెను. ఇంజనులోని ఒక భాగమున దుమ్ము పడకుండ బిగించిన ప్లాస్టిక్ మూతను తీయుట మరచిరి. ఆ ప్లగ్గు ఊడకున్నను ఇంజను ఆగియుండెడిదే. మూతను తీసివేసి, మూడు దినముల తరువాత, డిసెంబరు 15న అదే రాకెట్టును ప్రయోగించిరి. ఆనాడే జెమినీ-6, అంతకుముందే ఆకాశములో తిరుగుచున్న జెమినీ-7ను కలిసికొనినది.

కొండ కదలిన రీతి

1968 డిసెంబరు 21న అపోలో-8తో సాటర్న్-5 రాకెట్టు మొదటిసారి మనుష్యులను మోసెను. దాని ఎత్తు 110 మీటర్లు. బరువు 2,900 టన్నులు, త్రోపుడు సుమారు 3,400 టన్నులు. రెడ్‌స్టోన్‌కు ఇది నూరంతలు పెద్దది. అయినను బరువునకు త్రోపుడునకు గల నిష్పత్తి ఇంచుమించు అదియే. కావున ఇదియు అంత మెల్లగానే లేచును. ప్రక్కనున్న గోపురమును దాటుటకు పది పన్నెండు సెకన్లు పట్టును. ఆ పది సెకన్లలో అది మండించు ఇంధనాదులు సుమారు 130 టన్నులు.

ఇంత పెద్ద శరీరమున ఐదు ఇంజనులను ఒకేసారి రాజేసినచో ఆ అదటు రాకెట్టును వణికించును. అందుచేత నడిమి దానిని మొదట, ఎదురెదురు జంటలను కొంచెము కొంచెము ఎడముతో తరువాత రాజేసిరి. నాలుగు ఉక్కు చేతులు దానిని పట్టి ఉంచి, ఐదును సరిగా పనిచేయుచున్నవని తేలిన మీదట ఒక్కసారిగా వదలును. ఆ వదలుట కూడ కుదుపు కారాదని వేరొక ఉపాయము పన్నిరి. మొన సన్నగానున్న లోహపు మేకులు ఇరుకైన రంధ్రముల గుండ సాగదీయబడుచు, మొదటి 15 సెంటీమీటర్ల వరకు రాకెట్టును వెనుకకు పట్టి, క్రమముగా విడుచును. రెడ్‌స్టోన్ తడబడిన నాలుగు అంగుళముల కొరకు ఇచ్చట ఆరు అంగుళముల ఏర్పాటు జరిగినదన్నమాట. లేచిన రెండు సెకన్ల లోపలనే, గాలి నెట్టినను గోపురమునకు తగులకుండునట్లు, రాకెట్టు కొంచెము ఆవలి వైపునకు ఒరుగును. వేలకొలది ప్రేక్షకులు గుండె చేతబట్టుకొని చూచిన ఆ ఒరుగుట ముందే నిర్ణయింపబడినది.

వేచియుండ నేర్చిన యంత్రము

ఈ జాగ్రత్తలన్నియు వృథా భయములు కావనుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1983 సెప్టెంబరు 26న బైకనూర్‌లో సోయజ్ రాకెట్టు బయలుదేరుటకు నిమిషమున్నర ముందు దాని అడుగున మంటలంటుకొనినవి. వేదికనుండి ఆజ్ఞ పంపవలసిన తీగలు కాలిపోయినవి. రేడియో ద్వారా ఆజ్ఞ పంపునప్పటికి కొన్ని సెకన్లు గడచినవి. గోపురము వ్యోమనౌకను లాగివేసిన వెంటనే రాకెట్టు వేదికమీద కూలిపోయెను. వ్లదీమిర్ తితోవ్, గెన్నాదీ స్త్రెకలోవ్ సుమారు నాలుగు కిలోమీటర్ల దూరమున ప్రాణములతో దిగిరి. ఆరు నెలలు గడచిన తరువాత, 1984 ఏప్రిల్ 3న, ఆ ఆర్-7 వంశపు రాకెట్టుపైనే మన రాకేశ్ శర్మ అంతరిక్షమునకు పోయెను.

మన తీరముననే ఈ పాఠము రెండుసార్లు కనబడినది. 2001 మార్చి 28న శ్రీహరికోటలో మొదటి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు లేచుటకు ఒక సెకను ముందు, ప్రక్క ఇంజనులలో ఒకటి తగిన త్రోపుడును అందుకొనలేదని కంప్యూటరు గ్రహించి ప్రయోగమును నిలిపివేసెను. దోషమును సరిదిద్ది ఏప్రిల్ 18న ప్రయోగించిరి. మరల 2023 అక్టోబరు 21న, గగన్‌యాన్ వ్యోమగాముల రక్షణ వ్యవస్థను పరీక్షించునప్పుడు, 5 సెకన్లు మిగిలియుండగా కంప్యూటరు ఆపివేసినది. కారణము కనుగొని ఆ ఉదయమే 10 గంటలకు ప్రయోగించిరి. రాకెట్టు లేవలేదని ఆనాడు నిరాశపడిన వారు పెక్కుమంది. వాస్తవమునకు ఆ ఆగుటయే శాస్త్రము సాధించిన విజయములలో ఒకటి.

ఎట్లనగా, రాకెట్టు నేలమీద ఉన్నంతవరకు ఆపవచ్చును, చూడవచ్చును, సరిదిద్దవచ్చును. పది సెంటీమీటర్లు లేచిన తరువాత ఆ అవకాశము లేదు. అప్పుడు ఇంజను ఆగుటయే ప్రమాదము. నేలమీద ఆపుట క్షేమము, లేచిన పిదప ఆపుట అపాయము. ఈ రెండు న్యాయములు తారుమారగు ఆ లిప్తలో తాను ఎటువైపున ఉన్నదో యంత్రమునకు తప్పక తెలియవలెను. 1960లో దానికి తెలియలేదు. 1965లో యంత్రము తడబడగా మనిషికి తెలిసెను. నేడు ఇంజనును మండించి, పరీక్షించి, సందేహము కలిగిన లేవకుండ నిలుచుటకు యంత్రమునకే నేర్పినారు.

ఇకమీదట శ్రీహరికోట నుండి ఏ రాకెట్టైనను బయలుదేరుటను చూచునప్పుడు, అది మెల్లగా లేచుచున్నదేమి అని తొందరపడకుడు. ఆ మొదటి జానెడు ఎత్తును గమనింపుడు. అరవై సంవత్సరములకు పైబడిన అనుభవము అందులో ఇమిడియున్నది.